సర్పగంధ నుండి బావంచాల దాక

మన ఒట్టన్‌చత్రం ప్రాంతమున సిద్ధవైద్యము నెరుగనివారుండరు. యునానీ అన్నచో మాత్రము ‘అది హైదరాబాదు నవాబుల వైద్యము గదా’ అని ఊరకుందురు. యూనాను అనగా గ్రీసు దేశము. అచ్చటి శాస్త్రమును అరబ్బులు గ్రహించి పెంచిరి. అది మన దేశమునకు వచ్చి ఇచ్చటి మూలికలను తనలో కలుపుకొన్నది.

ఈ వైద్యమును రసాయనశాల గడప యెక్కింపవలెనని తలచినవాడు ఢిల్లీ హకీం అజ్మల్ ఖాను. ఆయన 1927లో గతించెను. ఆయన ప్రోత్సహించిన యువకుడు, జర్మనీలో చదివివచ్చిన సలీముజ్జమాన్ సిద్దిఖీ, 1931లో సర్పగంధ వేరునుండి ఒక సారమును వేరుచేసి, పెద్దాయన జ్ఞాపకార్థము ‘అజ్మలీను’ అని పేరిడెను. అది గుండె లయ తప్పినప్పుడు వాడు మందైనది. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు ఆ వేరు రక్తపుపోటును తగ్గించునని బ్రిటిషు పత్రికలో ప్రకటించెను. 1952లో స్విట్జర్లాండువారు దానినుండి రిసర్పీను తీసిరి. పిచ్చికి మనవారు నూరి యిచ్చిన వేరే యది! అయితే రిసర్పీను కొందరికి మనోవ్యాకులత కలిగించునని పిమ్మట తేలినది. మూలికైనను, మాత్రయైనను పరీక్ష తప్పదు.

ఇక మన తెలుగు గడ్డమీది పని. కేంద్ర యునానీ పరిశోధన మండలి 1979లో పని ప్రారంభించినది. హైదరాబాదు ఎర్రగడ్డలో దాని పరిశోధనాలయము బొల్లిని ముఖ్యముగా పట్టుకొని, వేలమందికి చికిత్స చేసినది. 2019లో చర్మవ్యాధుల జాతీయ సంస్థగా పెంపొందినది.

బొల్లి అంటువ్యాధి కాదు, ప్రాణము తీయదు. అయినను ఒక్క తెల్లమచ్చ కనబడినచో పిల్లకు సంబంధము తప్పిపోవును. తల్లి ఆ సంగతి చుట్టాలకు సైతము చెప్పదు. అందుచేతనే ఈ పరిశోధన చిన్నది కాదు.

దీనికి యునానీవారు వాడు ముఖ్యమైన దినుసు బావంచాలు. మన వైపు నాటుమందుల కొట్లలో కార్బోగరిసి అందురు. అందులోని సోరలీను అను పదార్థము ఎండ సోకినప్పుడు చర్మముపై పనిచేయును. పదమూడవ శతాబ్దిలో ఇబ్నుల్ బైతారు వేరొక మొక్క విత్తులిచ్చి రోగిని ఎండలో కూర్చుండబెట్టుమని వ్రాసెను. 1940 దశకమున ఈజిప్టులో ఎల్ మోఫ్తీ అను వైద్యుడు ఆ మొక్కనే పరీక్షించెను. సోరలీనుతో కిరణచికిత్స నేడు అల్లోపతిలోనే కలదు! ఎర్రగడ్డ మందులను ఆ చికిత్సతో సరిపోల్చిన పెద్ద పరీక్షలు ఇంకను జరుగవలెనని నా అభిప్రాయము.

ఒక మాట. కొట్టులో కొన్న గింజలు నూరి పూసుకొని ఎండకు కూర్చున్నచో బొబ్బలెక్కును. మోతాదు, ఎండ వేళ వైద్యుడే చెప్పవలెను. అంతదూరము పోలేనివారికి చెన్నై రాయపురమున కూడ ఆ మండలివారి పరిశోధనాలయము కలదు.