నీటిని నిలిపే గోడ: చెరువు కట్ట నుండి ఈతకొలను కాంక్రీట్ వరకు

పరిచయం

పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతాలైన మదనపల్లె, పుంగనూరు, కుప్పంల చరిత్రను నీటి చరిత్రగా కూడా చదవవచ్చు. ఏడాది పొడవునా పారే పెద్ద నది లేని ఈ మెట్ట నేలలో వర్షపు నీటిని ఆపడం ఎంత ముఖ్యమో, ఆపిన నీరు కారిపోకుండా చూడడం కూడా అంతే ముఖ్యం. ఇవాళ మదనపల్లెలో ఒకరు ఇంటి పెరట్లో ఈతకొలను కట్టించుకోవాలనుకుంటే, కాంక్రీట్‌ను ఏ పద్ధతిలో వేయించాలన్న ప్రశ్న వస్తుంది. ఇది కొత్త రూపంలో వచ్చిన పాత ప్రశ్నే. పద్ధతి ఎంపికను కొత్తదనం కంటే పనివారి లభ్యత, స్థలం, నీటి ప్రయోజనం ఎక్కువగా నిర్ణయించాయని ఈ వ్యాసంలో గమనిస్తాం.

మట్టి, సున్నం

రాయలసీమలో చెరువు నిర్మాణ జ్ఞానానికి కడప జిల్లాలోని పోరుమామిళ్ళ శాసనం (క్రీ.శ. 1369) మంచి ఆధారం. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు తవ్వించిన ఈ చెరువు కోసం రోజుకు 1000 మంది కూలీలు, 100 బండ్లు 2 సంవత్సరాలు పనిచేసినట్లు శాసనం తెలుపుతుంది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలనూ, 6 దోషాలనూ అది పేర్కొంటుంది. కట్ట నుండి నీరు ఊరడం ఆ దోషాలలో ఒకటి.

కోనేళ్ళు, తొట్ల వంటి చిన్న కట్టడాలలో సున్నపు గచ్చు వాడేవారు. గానుగలో నూరిన సున్నంలో కాల్చిన ఇటుకల పొడి, అంటే సుర్కీ కలిపితే ఆ మిశ్రమం తడిలోనూ గట్టిపడుతుంది. బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలపడం కూడా పనివారికి తెలిసిన విద్యే. ఈ పద్ధతికి కాలం, ఓపిక, చేతిపని ఎక్కువ కావాలి.

పాత పద్ధతి ఎంచుకున్న కొత్త కాలం

సిమెంట్ వచ్చాక రాతికట్టడం వెంటనే అంతరించలేదు. 1955లో ప్రారంభమై 1967లో పూర్తయిన నాగార్జునసాగర్ ఆనకట్ట ఇందుకు ఉదాహరణ. అప్పటికే కాంక్రీట్ ఆనకట్టలు ప్రపంచమంతటా ఉన్నా ఇక్కడ రాతికట్టడాన్ని ఎంచుకున్నారు. దీనివల్ల వేలాది మందికి పని దొరికింది, సిమెంట్ ఆదా అయింది. అంటే పద్ధతి ఎంపిక ఆర్థిక నిర్ణయం కూడా.

చిమ్మే కాంక్రీట్

1907లో అమెరికాలోని చికాగోలో కార్ల్ ఏక్లీ అనే మ్యూజియం నిపుణుడు పాడైన గోడలకు పూత వేయడానికి ఒక యంత్రాన్ని రూపొందించాడు. గాలి ఒత్తిడితో గొట్టంలో వచ్చే పొడి మిశ్రమానికి గొట్టం చివర నీరు కలిసి గోడను తాకేది. దీనికి గనైట్ అనే పేరు వచ్చింది. 1950లలో ముందే నీరు కలిపిన కాంక్రీట్‌ను పంపుతో పంపి చిమ్మే తడి పద్ధతి వాడుకలోకి వచ్చింది. రెండింటినీ కలిపి షాట్‌క్రీట్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో పెరటి ఈతకొలనులు విస్తరించడానికి ఈ విధానం తోడ్పడింది.

పెరటి కొలనుకు ఏది?

పోత పద్ధతిలో సెంట్రింగ్ కట్టి, కాంక్రీట్ పోసి, వైబ్రేటర్‌తో కూరుతారు. నలుచదరపు కొలనుకు ఇది అనువు. స్థానిక మేస్త్రీలకు అలవాటైన పని ఇదే. అయితే అడుగుభాగం, గోడ కలిసే అతుకు దగ్గర లీకేజీకి అవకాశం ఎక్కువ.

చిమ్మే పద్ధతిలో తవ్విన నేల గోడే అచ్చుగా పనిచేస్తుంది కనుక వంపుల కొలనుకు సెంట్రింగ్ ఖర్చు తగ్గుతుంది. పొడి పద్ధతిలో పనిని ఆపి మళ్ళీ మొదలుపెట్టవచ్చు, కానీ నీటి పాలు గొట్టం పట్టిన మనిషి చేతిలో ఉంటుంది. తడి పద్ధతిలో ఆ పాలు ముందే నిర్ణయమవుతుంది, కానీ కాంక్రీట్ సరఫరా ఆగకూడదు. రెండింటిలోనూ గోడను తాకి ఎగిరిపడిన మిశ్రమాన్ని తిరిగి వాడరాదు.

శిక్షణ పొందిన పనివారు దొరకనప్పుడు, జాగ్రత్తగా చేసిన పోత పద్ధతే మేలు. ఏ పద్ధతైనా వేడి గాలులు వీచే ఈ ప్రాంతంలో కనీసం 7 రోజులు తడి ఆరకుండా చూడాలి.

ఊట ఎవరికి నష్టం?

కొలనులో ఊట నష్టమే. కాలువ విషయంలో సమాధానం అంత సులభం కాదు. హంద్రీ-నీవా పథకం శ్రీశైలం జలాశయం నుండి కృష్ణా నీటిని ఎత్తి, పుంగనూరు, కుప్పం బ్రాంచి కాలువల ద్వారా ఈ ప్రాంతానికి తెస్తుంది. 2025 ఆగస్టులో ఆ నీరు కుప్పం ప్రాంతంలోని పరమసముద్రం చేరింది. కాంక్రీట్ లైనింగ్ లేకపోతే చివరి ఊళ్ళకు చేరే నీరు తగ్గుతుంది. లైనింగ్ చేస్తే ఊట తగ్గి బోర్లు ఎండిపోతాయని హంద్రీ-నీవా కాలువ వెంట ఉన్న రైతులు ఆందోళన తెలిపారు. ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది. ఒకరికి నష్టమైన ఊటే మరొకరికి బావి నీరు.

ముగింపు

పోరుమామిళ్ళ నుండి పరమసముద్రం వరకు పదార్థాలు మారాయి, ప్రశ్నలు మారలేదు. ఎవరు కడతారు? ఎక్కడ కడతారు? నీరు ఎవరి కోసం? పెరటి కొలనులో ఈ ప్రశ్నలకు యజమాని ఒక్కడే జవాబు చెప్పగలడు. కాలువలో మాత్రం పై ఊరూ, చివరి ఊరూ కలిసి చెప్పవలసి ఉంటుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. నాగార్జునసాగర్‌లో రాతికట్టడాన్ని ఎంచుకోవడం వల్ల కలిగిన ప్రయోజనాలేమిటి?
2. మీ ఊరి చెరువు లేదా కాలువలో ఊట వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం? పరిశీలించి రాయండి.