మతిమరుపు మొదలైన పెద్దలకు ఇంట్లోనే కంప్యూటర్ శిక్షణ.. దిగులు తగ్గుతుందా?

ఇంట్లో పెద్దవారికి మతిమరుపు మొదలైతే చాలామంది "వయసైంది కదా" అని వదిలేస్తారు. ఆ మరుపు వెనకే వచ్చే దిగులును మాత్రం ఎవరూ పట్టించుకోరు. అడిగిందే మళ్లీ అడుగుతున్నామని, డబ్బు లెక్క తప్పుతోందని వారికీ తెలుస్తూనే ఉంటుంది. ఆ సిగ్గుతో పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తారు, నలుగురిలో మాట తగ్గిస్తారు. ఇలాంటివారికి కంప్యూటర్ లేదా ట్యాబ్ మీద చేయించే మెదడు వ్యాయామాలు మనసుకూ మేలు చేస్తాయని పరిశోధనల్లో తేలింది. అయితే ట్యాబ్ చేతికిచ్చి వెళ్లిపోతే సరిపోదు. పక్కన మనిషి ఉండాలి.

ఈ శిక్షణ ముఖ్యంగా 'మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్' ఉన్నవారి కోసం. అంటే జ్ఞాపకం, ఏకాగ్రత వయసుకు తగ్గట్టు లేకపోయినా తమ పనులు తామే చేసుకోగల దశ. రోజువారీ పనులకు కూడా ఇతరుల మీద ఆధారపడే స్థితి వస్తే దాన్ని డిమెన్షియా అంటారు. మొదటి దశలో ఉన్న అందరూ రెండో దశకు చేరరు. కొందరు అక్కడే ఆగిపోతారు, కొందరు కోలుకుంటారు కూడా. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది.

శిక్షణ అంటే పెద్ద చదువేమీ కాదు. తెర మీద కనిపించిన బొమ్మల వరుస గుర్తుపెట్టుకోవడం, జతలు కలపడం, మెరిసిన గుర్తును వెంటనే తాకడం వంటివి ఉంటాయి. సరిగ్గా చేస్తే ఆట కాస్త కష్టమవుతుంది, తప్పితే సులువవుతుంది. యూట్యూబ్ చూడటానికీ దీనికీ తేడా అదే.

2017లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూశారు. మొదటి దశవారిపై జరిగిన 17 ప్రయోగాల్లో జ్ఞాపకం, ఏకాగ్రతతో పాటు డిప్రెషన్ లక్షణాల్లోనూ మెరుగుదల కనిపించింది. డిమెన్షియా వచ్చేసినవారిలో మాత్రం ఆధారాలు బలహీనంగానే ఉన్నాయి.

అంతకుముందు 2014లో అదే యూనివర్సిటీవారు ఆరోగ్యంగా ఉన్న వృద్ధులపై జరిగిన 52 అధ్యయనాలను పరిశీలించారు. ఇంట్లో ఒంటరిగా చేసినవారికి ఫలితం రాలేదు. శిక్షకుడి దగ్గర గుంపుగా చేసినవారికి వచ్చింది. ఒక్కోసారి అరగంటకన్నా తక్కువ చేసినా, వారంలో మూడుసార్లకు మించి చేసినా లాభం లేకపోయింది. ఇంట్లో చేయించాలనుకునే కుటుంబాలకు అసలు కిటుకు ఇక్కడే ఉంది. శిక్షకుడి పాత్ర ఇంట్లో ఎవరో ఒకరు తీసుకోవాలి.

వారానికి మూడు రోజులు, ఒకే వేళకు, అరగంట నుంచి ముప్పావుగంట చాలు. ఫోన్ తెర చిన్నది, ట్యాబ్ నయం. కళ్లద్దాలు, వినికిడి మిషన్ ఉంటే పెట్టించండి. చాలా ప్రోగ్రాములు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. ఉర్దూ మాత్రమే చదివిన నానీకి తెలుగు అక్షరాల ఆట ఇచ్చినా ఉపయోగం లేదు. బొమ్మలు, రంగులు, అంకెలతో ఉన్నవి ఎంచుకోండి. మనవడో మనవరాలో పక్కన కూర్చుంటే ఇంకా మంచిది. "అది కూడా తెలీదా అబ్బా" అనే ఒక్క మాటతో ఆ రోజు ఆట ముగిసిపోతుంది, మర్నాడు వారు ట్యాబ్ ముట్టుకోరు. అలసిపోతే ఆపేయండి. మార్కులు పదే పదే చూపించకండి.

రెండు భాషల ఇళ్లకు ఒక ఆసక్తికరమైన సంగతి. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవారిలో ఆ జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైందని అందులో తేలింది. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. జబ్బు రాదని దీని అర్థం కాదు. అయితే ఆట మధ్యలో పెద్దవారితో ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడించడానికి వెనకాడనక్కర్లేదు.

యాప్‌ల ప్రకటనలు చూసి డబ్బు కట్టేముందు ఆలోచించాలి. మతిమరుపును అడ్డుకుంటామని ఆధారం లేకుండా ప్రచారం చేసుకున్నారన్న ఆరోపణలపై ల్యూమోసిటీ యాప్ కంపెనీ 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థకు 20 లక్షల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019 మార్గదర్శకాల్లో ఇలాంటి శిక్షణ ఇవ్వవచ్చంటూనే, ఆధారాల నాణ్యత తక్కువేనని చెప్పింది.

ట్యాబ్ కొనే ముందు డాక్టర్‌కు చూపించడం మరవద్దు. బీ12 లోపం, థైరాయిడ్, వినికిడి తగ్గడం, కొన్ని మందులు కూడా మతిమరుపులాగే కనిపిస్తాయి. డిప్రెషనే మరుపుకు కారణం కావచ్చు, దానికి చికిత్స ఉంది. రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, తిండి మానడం ఉన్నా, "ఇక బతికి ఏం లాభం" వంటి మాటలు వినిపించినా ఆటలతో కాలక్షేపం చేయకుండా వెంటనే మానసిక వైద్యుడిని కలవాలి. ప్రభుత్వ టెలీమానస్ ఉచిత నంబర్ 14416లో తెలుగులో మాట్లాడవచ్చు. వృద్ధుల సమస్యలకు ఎల్డర్‌లైన్ నంబర్ 14567.