గాంధీ ఆసుపత్రిలో అరవై వేల యూనిట్లు: ఇన్‌పేషెంట్లకు సప్లిమెంట్ల మేలు, కీడు

సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి కోవిడ్ రోగుల మీద చేసిన ఒక అధ్యయనం 2021లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో అచ్చయింది. రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉన్నవారిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలు చికిత్సతో పాటు రోజుకు 60,000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చారు. ఎత్తు, బరువుల సూచికను (బీఎంఐ) బట్టి కొందరికి 8 రోజులు, కొందరికి 10 రోజులు. బయట క్లినిక్కుల్లో డాక్టర్లు ఇదే 60,000ను వారానికొకటి చొప్పున రాస్తారు. అంటే రెండు నెలల కోర్సు ఇక్కడ పది రోజుల్లోపే పూర్తయింది. ఆ జట్టులో విటమిన్ డి సగటున మిల్లీలీటరుకు 16 నానోగ్రాముల నుంచి 89కి ఎగబాకింది. సీఆర్‌పీ, ఫెరిటిన్, ఐఎల్-6 వంటి ఇన్‌ఫ్లమేషన్ సూచికలు తగ్గాయి.

రాష్ట్రం మొత్తానికీ పెద్ద కోవిడ్ ఆసుపత్రిగా ఊపిరాడకుండా ఉన్న రోజుల్లో ఆ పని చేసినందుకు పరిశోధకులను మెచ్చుకోవాలి. అయితే ఆ ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలి? చివరిదాకా ఉన్నవారు రెండు జట్లూ కలిపినా వందమంది లేరు. ఎవరికి మందు ఇచ్చారో అందరికీ తెలుసు. డమ్మీ మందు లేదు. పైగా చూసింది ప్రధానంగా రక్త పరీక్షల అంకెలను. రిపోర్టు బాగుపడటం వేరు, మనిషి బాగుపడటం వేరు. బ్రెజిల్‌లోని సావో పావ్లోలో 240 మంది కోవిడ్ ఇన్‌పేషెంట్ల మీద, డమ్మీ మందుతో పోల్చి జరిపిన ప్రయోగంలో ఒకేసారి 2 లక్షల యూనిట్లు ఇచ్చారు. ఆసుపత్రిలో ఉన్న రోజులు రెండు జట్లకూ ఏడే. అంతకుముందు 2019లో అమెరికాలో ‘వయొలెట్’ ప్రయోగం, విటమిన్ డి లోపంతో ప్రాణాపాయ స్థితిలో ఉన్నవారికి 5,40,000 యూనిట్లు ఒక్క మోతాదుగా ఇచ్చి చూసింది. మరణాలు తగ్గలేదు.

డి విటమిన్ కొవ్వులో కరుగుతుంది. ఎక్కువైతే మూత్రంలో పోదు, ఒంట్లో వారాల తరబడి నిలుస్తుంది. రక్తంలో కాల్షియం పెరిగి దాహం, వాంతులు, మలబద్ధకం, మగత వస్తాయి. ముదిరితే కిడ్నీలు దెబ్బతింటాయి. ఇంటికెళ్లాక వారానికొకటి వేసుకోవలసిన మాత్రను రోజుకొకటి వేసుకుంటూ పోతే సరిగ్గా ఇదే జరగవచ్చు. డిశ్చార్జి చీటీ మీద ‘వారానికి ఒకటి, ఫలానా రోజున’ అని తెలుగులో రాయడం పెద్ద శ్రమేమీ కాదు.

లోపాన్ని పూడ్చడంలో సప్లిమెంటు చేసే మేలుకు సాక్ష్యం కావాలంటే సికింద్రాబాద్ పక్కనే ఉన్న తార్నాక వైపు చూడాలి. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనా విభాగం నుంచి పుట్టింది. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. మరపట్టిన తెల్లబియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి ఒకప్పుడు పాతుకుపోయిన జబ్బు. దానికి మందు థయమిన్, అంటే విటమిన్ బి1.

ఆ పాత పాఠం ఇప్పటికీ వార్డులో పనికొస్తుంది. ‘నీరసంగా ఉన్నాడు, ఒక గ్లూకోజ్ ఎక్కించండి డాక్టరుగారూ’ అని అడగని కుటుంబం అరుదు. 5 శాతం గ్లూకోజ్ అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. వంద కేలరీలకు మించదు. బలం సంగతి అంతే. ప్రమాదం సంగతి వేరు: రోజుల తరబడి తిండి లేనివాడికో, మద్యానికి బానిసైనవాడికో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చు. ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా పోషణ అందిస్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ‘రీఫీడింగ్ సిండ్రోమ్’ కూడా ఉంది. అక్కడ ముందు థయమిన్, తర్వాత కొద్దికొద్దిగా ఆహారం. సప్లిమెంటు నిజంగా ప్రాణం పోసే చోటు ఇది.

కీడుకు నిదర్శనం కూడా మన తెలుగువాడి కథలోనే ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు స్ప్రూ అనే పేగుల జబ్బుకు అన్నదమ్ములను పోగొట్టుకున్నారు. అదే స్ప్రూకు పనిచేసే ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లే సంస్థలో ఆయన బృందం తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఫోలిక్ ఆమ్ల కుటుంబానికి చెందిన పదార్థాలను లుకేమియా పిల్లలకు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా మరింత వేగంగా పెరిగింది. రక్తకణాలకు బలం ఇచ్చేది క్యాన్సర్ కణాలకూ బలం ఇచ్చింది. ఆ గమనికతో ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను ఫార్బర్ వాడారు. దాన్ని ఇచ్చిందీ సుబ్బారావు బృందమే. 1948లో ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. ఒకరి రోగానికి మందైనది మరొకరి రోగానికి మేత కావడం ఇంత స్పష్టంగా చూపిన ఘటన నాకు మరొకటి కనిపించలేదు.

ఐసీయూ ప్రయోగాలూ అటే చూపుతున్నాయి. 2013 నాటి ఒక ప్రయోగంలో గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం ఇచ్చిన జట్టులో మరణాలు పెరిగాయి. 2022 నాటి ‘లోవిట్’ ప్రయోగంలో సెప్సిస్ రోగులకు భారీ మోతాదులో విటమిన్ సి ఎక్కిస్తే, మరణించడమో అవయవాలు కోలుకోకపోవడమో 44.5 శాతం మందిలో కనిపించింది, ఇవ్వనివారిలో 38.5 శాతం. ‘సి కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుందిలే’ అనే ధీమాకు ఇక ఆధారం లేదు.

మరి ఇన్‌పేషెంట్లకు పనికొచ్చేది ఏమిటి? స్విట్జర్లాండ్‌లోని 8 ఆసుపత్రుల్లో రెండు వేల మందికి పైగా రోగుల మీద జరిపిన ‘ఎఫర్ట్’ అధ్యయనం 2019లో వెలువడింది. పోషణ తక్కువైనవారిని గుర్తించి, ఒక్కొక్కరికి ఎంత ప్రోటీన్, ఎన్ని కేలరీలు కావాలో లెక్కగట్టి అందిస్తే, నెలలోపు మరణాలు దాదాపు 10 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. అంటే ముందు అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు. చాలకపోతేనే పొడి, మాత్ర. స్కానింగ్ పేరుతో పొద్దుటి నుంచి కడుపు మాడ్చుకున్న రోగి తిండి గురించి పట్టించుకోకుండా మల్టీవిటమిన్ రాయడం తలకిందుల వైద్యం.

కేస్ షీట్‌లో కనిపించనివి మరికొన్ని ఉంటాయి. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రల్లో రోజువారీ అవసరానికి వందల రెట్లు ఎక్కువ ఉండొచ్చు. అది కొన్ని ల్యాబ్ పరీక్షలను తప్పుదారి పట్టిస్తుంది: గుండెపోటును పట్టించే ట్రోపోనిన్ తక్కువగా కనబడవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీనిపై హెచ్చరించింది. కాల్షియం, ఐరన్ మాత్రలు థైరాయిడ్ మందునూ, సిప్రోఫ్లాక్సాసిన్‌నూ ఒంటికి పట్టనివ్వవు. విటమిన్ కె ఉన్న మాత్ర వార్‌ఫరిన్‌కు ఎదురు పనిచేస్తుంది. వీటిని చాలామంది మందులుగానే లెక్కపెట్టరు.

అందుకే నా అభిప్రాయం ఇది: ఆసుపత్రిలో ఏ సప్లిమెంటైనా మందుతో సమానంగా కేస్ షీట్‌లోకి ఎక్కాలి. ఎందుకు ఇస్తున్నారో, ఎంతో, ఎప్పుడు ఆపాలో రాసి ఉండాలి. చేర్చుకునేటప్పుడు ‘ఏ మందులు వాడుతున్నారు?’ అన్న ప్రశ్నతో ఆగకుండా, ‘బలానికి, జుట్టుకు, కీళ్లకు ఏమైనా వేసుకుంటున్నారా?’ అనీ అడగాలి. రోగి వెంట వచ్చినవారికీ ఒక మాట: ఇంటి నుంచి తెచ్చిన మాత్రల డబ్బా, పొడి డబ్బా సంచిలోనే ఉంచకండి, మొదటి రోజే డ్యూటీ డాక్టరుకో, నర్సుకో చూపించండి.