అంతరకర్ణమును చూచిన కథ

అంతరకర్ణ వ్యాధుల నిర్ణయమున చిత్రణవిద్య సాధించిన అభివృద్ధిని వర్ణించువారు ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై అని యంత్రముల పేర్లు వరుసగా చెప్పి, యంత్రబలము పెరిగినకొలది రహస్యము విడిపోయెనని ముగించుట పరిపాటి. ఎముక విషయమున ఈ మాట చెల్లును. 1895లో రంట్‌గెన్ కనుగొనిన కిరణములు మొదలు సీటీ వఱకు జరిగినదంతయు కణతయెముకను స్పష్టతరముగా చూచుటయే. 1998లో లాయిడ్ మైనర్ ప్రభృతులు పై అర్ధవర్తుల కుల్యకు కప్పు తెగిపోయిన రోగులను వర్ణించినపుడు సాక్ష్యమిచ్చినది సీటీయే.

మెనియేర్ వ్యాధి యట్టిది కాదు. తలతిప్పుటకు, చెవిహోరునకు, చెవుడునకు మూలము మెదడు గాక అంతరకర్ణము కావచ్చునని 1861లో పారిస్‌లో ప్రాస్పర్ మెనియేర్ వాదించెను. 1938లో లండనున హాల్‌పైక్, కెయిర్న్స్ అనువారును, జపానున యమకావాయును వేర్వేరుగా మృతుల ఎముకలను కోసి చూచి, లోపలి సంచిలోని అంతరలసిక ఉబ్బియుండుటను ప్రకటించిరి. వెదుకవలసినదేదో నాడే తేలినది. బ్రదికియున్నవానియందు దానిని చూచుటయే అసాధ్యమయ్యెను. 1995 నాటి అమెరికా కర్ణవైద్యుల ప్రమాణములలో ‘నిశ్చితము’ అను శ్రేణికి సూక్ష్మదర్శని సాక్ష్యము కావలెను. అనగా దాదాపుగా ఎల్లప్పుడును రోగి మరణించిన పిమ్మటనే ఆ నిశ్చయము! అది యెవరికి ఉపకరించునో వారే చెప్పవలెను.

చిక్కు విడినది 2007లో నగోయాలో. నకషిమా ప్రభృతులు ఎమ్మారైలో వెలుగు గాడోలినియమను మందును ఎనిమిది రెట్లు పలుచనచేసి, కర్ణభేరి గుండ సూదితో మధ్యకర్ణమునకు పంపి, ఒక దినము ఆగి ఎమ్మారై తీసిరి. గుండ్రని గవాక్షపు పొరను దాటి మందు ఆ సంచి చుట్టునున్న ద్రవమగు పరలసికలో చేరి వెలిగినది. మందు చొరని అంతరలసిక నల్లగా నిలిచి, తన ఉబ్బును తానే చూపినది. అచట మూడు టెస్లాల అయస్కాంతము ఉపకరింపలేదని నేననను. గినీపందులపై జరిగిన పూర్వపరిశోధనలను మఱవను. అయినను అదే యంత్రమున మందు లేక తీసిన సాధారణ చిత్రములో ఆ రెండు ద్రవములును ఒక్కటే తెలుపు. కావున ప్రధానకారణము మందు దారియు, ఆగిన సమయమును. తరువాత నరమున ఎక్కించి నాలుగు గంటలు ఆగు పద్ధతి వచ్చుటయు దీనినే బలపఱచును.

వర్తమానమున నాకు సంశయములు కలవు. రోగలక్షణములు లేని చెవులందును ఉబ్బు కనబడుచున్నది. 2015 నాటి అంతర్జాతీయ ప్రమాణములు రోగచరిత్రను, వినికిడి పరీక్షను కోరినవి గాని చిత్రమును కోరలేదు. తల తిరిగినదనగానే స్కాను చీటి వ్రాయుట మాత్రము పెరిగినది. పక్షవాత సూచనలున్నచో అది అవశ్యమే. కాని పడకపై ఒత్తిగిలినపుడు వచ్చు సామాన్యమైన తలతిప్పుటకు మూలమగు సున్నపురేణువులు ఏ స్కానునందును కానరావు. దానికి 1952లో డిక్స్, హాల్‌పైక్ చెప్పిన పరీక్ష చాలును: తలను నలుబదియైదు డిగ్రీలు త్రిప్పి, రోగిని వేగముగా వెనుకకు పరుండబెట్టి, కన్నుల కదలికను గమనించుట. స్కాను చీటి వ్రాయుటకు ముందు వైద్యులు ఆ పని చేయవలెను.