ప్రాజెక్టు పుస్తకంలో మన కొండల చరిత్ర



పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మేం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న నలుగురం. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇప్పుడు ఒక పరీక్షకి చదువుతున్నాం. పేరు సీఏపీఎం. ప్రాజెక్టు మేనేజ్‌మెంట్‌లో మొదటి మెట్టు సర్టిఫికెట్. అమెరికాలో 1969లో పుట్టిన పీఎంఐ అనే సంస్థ ఇస్తుంది. అదే సంస్థ ఇచ్చే పెద్ద సర్టిఫికెట్ పీఎంపీ. డిగ్రీ ఉన్నవాళ్లు దానికి వెళ్లాలన్నా 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపించాలి. అది మనకెక్కడిది? సీఏపీఎంకి ఇంటర్ పాసై, 23 గంటల శిక్షణ తీసుకుంటే చాలు. 150 ప్రశ్నలు, 3 గంటలు. తెలుగులో లేదు, ఇంగ్లీషులో రాయాలి. ఫీజు డాలర్లలో కట్టాలి. ఆ డబ్బు ఎలా కూడబెడుతున్నామో ఇంకోసారి చెప్తాం.

మొదట్లో పుస్తకం అస్సలు ఎక్కలేదు. ఉదాహరణలన్నీ సాఫ్ట్‌వేరు, ఆఫీసు బిల్డింగులు. ఒకరోజు రాత్రి మాలో ఒకడన్నాడు: "మన కొండల్లో ప్రాజెక్టులకేం తక్కువరా? ఒక్కో పాఠానికి మన ప్రాజెక్టు ఒకటి పెట్టుకుందాం." అలా మొదలుపెడితే పరీక్ష చదువు కాస్తా చరిత్ర చదువైంది. ఆ చదివింది మీకు చెప్పాలనే ఈ పోస్టు.

మొదటి పాఠం: పనిచేసే మనుషులు. దీనికి మేం గూడెం కొండల్లో రోడ్డు తీసుకున్నాం. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు తెల్లదొరల కాలంలో వేసిన రోడ్డు. గూడెం తహసీల్దారు బాస్టియన్ మన వాళ్లని బలవంతంగా పనికి తోలాడు. కూలి సరిగ్గా ఇవ్వలేదు. అటు చూస్తే 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చిన దగ్గర్నుంచి పోడుకి, అడవిలో కాలు పెట్టడానికి ఆంక్షలే. ఇటు చూస్తే రోడ్డు మీద వెట్టి. గాం గంటం దొర, మల్లు దొర లాంటి వాళ్లు అల్లూరి సీతారామరాజు వెంట నడవడానికి ఈ రోడ్డు కూడా ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. తర్వాత కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. 1924 మేలో రాజుని చంపేదాకా ఆ పితూరీ ఆగలేదు. మన పుస్తకంలో 'రిస్క్' అని ఒక చాప్టర్ ఉంది. ఏ ప్రమాదం ఎటునుంచి రావచ్చో ముందే రాసిపెట్టుకోవాలంటుంది. బాస్టియన్ అలాంటి పట్టీ రాసి ఉంటే వానలు, జ్వరాలు, బండరాళ్లు రాసేవాడేమో. రోడ్డు కొట్టే మనిషి ఆకలిని, అవమానాన్ని మాత్రం రాసేవాడు కాదు.

రెండో పాఠం: లాభం ఎవరికి? దీనికి మాచ్‌ఖండ్ తీసుకున్నాం. డుడుమ జలపాతం దగ్గర, ఒడిశా సరిహద్దులో కట్టిన జలవిద్యుత్ ప్రాజెక్టు. మద్రాసు, ఒడిశా ప్రభుత్వాలు కలిసి మొదలుపెట్టాయి. 1955లో కరెంటు పుట్టింది. పైన జలాపుట్ దగ్గర నీళ్లు నిలబెట్టడానికి ఊళ్లు, పొలాలు ముంచారు. లేచి వెళ్లిపోయిన వాళ్లలో ఆదివాసీలే చాలామంది. ఆ కరెంటు తీగలు మన కొండల మీదుగానే మైదానానికి దిగాయి. తీగ కింద ఉన్న గూడేల్లో మాత్రం ఏళ్ల తరబడి కిరసనాయిలు బుడ్డే. ప్రాజెక్టు మొదలెట్టే ముందు లాభాలు ఎవరికి, ఎప్పుడు, ఎలా అందుతాయో కాగితం మీద పెట్టాలని పుస్తకం చెబుతుంది. ఇక్కడ లాభం ఒక ఊరిది, నష్టం ఇంకో ఊరిది. రెండూ ఒకే కాగితం మీదకి ఎప్పుడూ రాలేదు.

మూడో పాఠం: పని, టైము, ఖర్చు. దీనికి మన కేకే లైను. మనం సంతకి, కాలేజీకి ఎక్కే కిరండూల్ ప్యాసింజర్ నడిచే లైనే. బైలడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కణ్నుంచి జపాన్ ఉక్కు ఫ్యాక్టరీలకి పంపడానికి 1960లో మొదలుపెట్టారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్లు. అనంతగిరి ఘాట్‌లో కొండలు తొలిచి, సొరంగం వెనక సొరంగం వేశారు. శిమిలిగుడ స్టేషన్ దగ్గర లైను సముద్ర మట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో ఆరేడేళ్లలో పూర్తి చేశారు. ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆగుతుందో లెక్క కట్టే పద్ధతి ఒకటుంది, క్రిటికల్ పాత్ అంటారు. అది అమెరికాలో 1957లో పుట్టింది. పీఎంఐ పుట్టే నాటికి మన ఘాట్‌లో ఖనిజం రైళ్లు నడుస్తూనే ఉన్నాయి. ఇంజనీర్లకి, రాళ్లు మోసిన కూలీలకి మేం దండం పెడతాం. అది అబద్ధం కాదు.

కానీ మాలో ఒకడి తాతని ఆ రోజుల గురించి అడిగాం. ఆయనప్పుడు కుర్రాడు, ఘాట్‌లో కంకర మోశాడు. "జెండాలు పాతారు, గొలుసులు పట్టి కొలిచారు, పోయారు. మళ్లీ వచ్చినప్పుడు మందుగుండు తెచ్చారు. మమ్మల్నెవరు అడిగారురా?" అన్నాడు. ఆయన మాటలో కోపం లేదు. మాకే ఏం చెప్పాలో తెలీలేదు.

ఆ రాత్రి నాలుగో పాఠం తీశాం. స్టేక్‌హోల్డర్. ప్రాజెక్టు వల్ల లాభం గానీ నష్టం గానీ తగిలే ప్రతి మనిషీ స్టేక్‌హోల్డరే. తనకి తగులుతుందని అనుకునేవాడు కూడా. వాళ్లందరి పేర్లూ ఒక రిజిస్టర్‌లో రాయాలి, ముందుగానే మాట్లాడాలి. మేం కేకే లైనుకి ఆ రిజిస్టర్ రాసి చూశాం. రైల్వే, గనులు, జపాన్ కంపెనీలు, విశాఖ రేవు. నాలుగు గీతలు నిండిపోయాయి. ఐదో గీత మీద తాత పేరు రాశాం. పరీక్షకి అది పనికిరాదు. అయినా కొట్టెయ్యలేదు.

మన పేరు రిజిస్టర్‌లోకి ఎక్కిన రోజు కూడా ఉంది. అదీ ఈ ఘాట్‌లోనే. అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల, నిమ్మలపాడు వైపు గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకి ఇచ్చారు. మన జనం తరఫున సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. హైకోర్టులో ఓడిపోయింది. సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసేతరులకి భూమి బదలాయించకూడదన్న 1959 నాటి నిబంధన, దాన్ని గట్టి చేసిన 1970 సవరణ (మనం 1/70 అంటాం కదా) ప్రభుత్వానికి కూడా వర్తిస్తాయని చెప్పింది. సర్కారు భూమైనా సరే, ప్రైవేటు గనుల కంపెనీకి లీజుకివ్వకూడదంది. ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు ఒక మాట, ఒకరు వేరే మాట. అంత సన్నటి గీత మీద నిలబడింది మన భూమి. అంతకు ముందు ఏడాదే పెసా చట్టం వచ్చింది, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. జెర్రెల బాక్సైట్ కోసం 2015లో ఇచ్చిన జీవో 97ని జనం ఒప్పుకోలేదు. 2019లో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది.

ఇదంతా చదివాక మాలో మాకే గొడవ వచ్చింది. ఒకడన్నాడు: "సర్టిఫికెట్ తెచ్చుకుని రేపు కంపెనీ తరఫున మనమే జెండాలు పాతితే?" ఆ మాటకి రెండు రోజులు ఎవరం పుస్తకం తెరవలేదు. అది ఉత్త భయం కాదు. చదువుకుని కొండ దిగి, మళ్లీ ఊరి మొహం చూడని వాళ్లని మనం చూశాం.

చివరికి మాకు తోచింది ఇది. మన తాతలు ఓడింది బలం లేక కాదు. కాగితం ఎవరి చేతిలో ఉందో వాళ్ల మాట చెల్లింది. ఇప్పుడు పంప్డ్ స్టోరేజీ అంటూ మళ్లీ మన వాగుల మీద ప్లాన్లు గీస్తున్నారు. ఆ డీపీఆర్ తెచ్చి గ్రామసభలో పెట్టినప్పుడు 'రిజిస్టర్‌లో మా ఊరి పేరేది? రిస్క్ పట్టీలో మా ఊట ఎండిపోతుందని రాశారా?' అని వాళ్ల భాషలోనే అడగగలిగినోడు మనలో ఒకడు ఉండాలి. సర్టిఫికెట్ ఉద్యోగం ఇస్తే మంచిదే, ఇంట్లో అప్పులున్నాయి. కానీ ముందు ఆ ప్రశ్న అడగడం రావాలి.

అందుకే ప్రాక్టీసుకి ఒక చిన్న ప్రాజెక్టు పెట్టుకున్నాం. మాలో ఒకడి గూడేనికి పై ఊట నుంచి పైపు వేసి నీళ్లు తెచ్చే ప్లాను. ఎన్ని మీటర్ల పైపు, ఎంత ఖర్చు, ఎండాకాలం ఊట ఎంత తగ్గుతుంది, కింద పొలం వాళ్లకి ఇబ్బందా, అన్నీ రాస్తున్నాం. రిజిస్టర్‌లో మొదటి గీత మీద కుండ మోసే ఆడవాళ్ల పేర్లు రాశాం. పూర్తయ్యాక గ్రామసభలో చదివి వినిపిస్తాం. వాళ్లు వద్దంటే మార్చి రాస్తాం.

మీకొక పని చెప్తున్నాం, కాదనకండి. ఈసారి ఇంటికెళ్లినప్పుడు తాతని, నాయనమ్మని కూర్చోబెట్టి అడగండి: రోడ్డు, డ్యామ్, రైలు, గని, ఏదొచ్చినా వాళ్లని ఎవరు అడిగారు, ఏం ఇచ్చారు, ఏం పోయింది. రాసి ఇక్కడ పెట్టండి. పని అయిపోయాక నేర్చుకున్నది రాసి దాచుకోవాలని ఈ పరీక్షలో చివరి పాఠం. మన కొండల్లో ఆ పాఠం ఇంకా ఎవరూ రాయలేదు. చెప్పగలిగిన వాళ్లు ఏటా తగ్గిపోతున్నారు.

జై ఆదివాసీ.