కుందేలు గిన్నెలోకి పెల్లెట్లు ఎలా వచ్చాయి?

పిల్లలు ముచ్చటపడ్డారని కుందేలు తెచ్చుకున్న ఇళ్లలో ఓ భయం ఎప్పుడూ వినిపిస్తుంది. "పెల్లెట్లు వేసీ వేయగానే ఆవురావురుమంటూ మింగేస్తోంది, గొంతుకు అడ్డం పడదు కదా?" అని. పడొచ్చండీ. అయితే తప్పు దాని ఆత్రానిది మాత్రమే కాదు. ఆ పెల్లెట్ ఎందుకు పుట్టిందో తెలిస్తే, గిన్నెలో ఎలా పెట్టాలో కూడా తెలుస్తుంది.

ముందు ఒక మాట. సింహాన్ని బావిలోకి దూకించిన కుందేలు, చందమామలో మనకు కనిపించే కుందేలు మన పొలాల గట్ల మీద పరుగెత్తేది. ఇంగ్లీషువాళ్లు దాన్ని హేర్ అంటారు. పెట్ షాపు బోనులో కూర్చున్న తెల్లది రాబిట్, వేరే జాతి. మనకు రెండూ కుందేళ్లే. రాబిట్ సొంతూరు స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ప్రాంతం. క్రీ.శ. 600 ప్రాంతంలో పోప్ చెప్పిన ఒక మాట వల్ల ఫ్రాన్స్ సన్యాసులు దీన్ని మచ్చిక చేశారని చాలాకాలం పుస్తకాల్లో రాసుకున్నారు. ఆ కథకు ఆధారం లేదని 2018లో పరిశోధకులు తేల్చారు. మచ్చిక ఒక్క రోజులో, ఒక్కరి చేతిలో జరిగింది కాదు. శతాబ్దాలు పట్టింది.

ఇన్ని శతాబ్దాలూ అది తిన్నది గడ్డి, ఆకులు, కలుపు మొక్కలు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో మాంసానికి రేషన్ పెట్టినప్పుడు ఎంతోమంది ఇళ్ల పెరళ్లలో కుందేళ్లు పెంచారు. వాటి మేత వంటింటి తొక్కలు, దారి పక్కన పిల్లలు కోసుకొచ్చిన ఆకులు. గృహిణి తెలివితోనే సాగిన పెంపకం అది, చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనిపించదు గానీ.

పెల్లెట్ దారి వేరు. 1920లలో అమెరికా దాణా కంపెనీలు పిండి చేసిన మేతను చిల్లుల పళ్లెం గుండా నొక్కి, ముక్కలుగా కోసి అమ్మడం మొదలుపెట్టాయి. మన జంతికల గొట్టం పనే, కాకపోతే పెద్ద యంత్రం. 1928లో కాలిఫోర్నియాలోని ఫోంటానాలో అక్కడి ప్రభుత్వం కుందేళ్ల కోసమే ఒక పరిశోధన కేంద్రం పెట్టింది. రైతుకు పెల్లెట్ నచ్చడానికి కారణాలు ఉన్నాయి. కుందేలు ఇష్టమైనది ఏరుకుని మిగతాది వదిలేయదు, మేత నేలపాలు కాదు, మోయడం తేలిక. అన్నిటికంటే ముఖ్యంగా త్వరగా బరువు పెరుగుతుంది. మాంసం కోసం పెంచే న్యూజిలాండ్ వైట్ పిల్ల ఎనిమిది వారాలకే సుమారు రెండు కిలోలు తూగి అమ్మకానికి వెళ్లిపోతుంది. 1977లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ వేసిన పోషణ ప్రమాణాల్లో ఎదిగే కుందేలుకు 16 శాతం మాంసకృత్తులు, 10 నుంచి 12 శాతం పీచు చాలన్నారు. ఎనిమిది వారాల బతుక్కి ఆ లెక్క సరే. మనింట్లో ఎనిమిది, పదేళ్లు బతికేదానికి పీచు 20 శాతం దాకా ఉండాలి. అది ముఖ్యంగా గడ్డి నుంచే రావాలి.

గడ్డి పోచను కుందేలు పక్కకు పక్కకు దవడ ఆడిస్తూ ఎంతోసేపు నూరుతుంది. జీవితాంతం పెరుగుతూనే ఉండే దాని పళ్లు అరిగేది అలాగే. పెల్లెట్‌కు ఆ శ్రమ లేదు. రెండు కొరుకుళ్లు, ఒక మింగుడు. పైగా కుందేలుకు వాంతి రాదు, మామూలుగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది. ఆత్రంగా మింగిన ముక్క అడ్డం పడితే బయటికి తోయడం దానికి చాలా కష్టం.

1985లో మారినెల్ హారిమన్ ఇంట్లో పెంచే కుందేళ్ల మీద ఒక పుస్తకం రాసింది. 1988లో హౌస్ రాబిట్ సొసైటీ ఏర్పడింది. కుందేలును ఇంటి మనిషిగా చూడడం మొదలైన చాన్నాళ్లకు గానీ, దాని కంచంలో ఉన్నది పొలం లెక్క అని ఎవరూ గట్టిగా అనలేదు.

అందుకే నేను చెప్పేది ఒకటే, గడ్డిని మళ్లీ ముందుకు తెండి. మన దగ్గర గరికకు కరువేముంది? వినాయక చవితికి కొని తెచ్చే ఆ గరికే. మందు కొట్టని చోటు నుంచి తెచ్చి, కడిగి రోజంతా అందుబాటులో ఉంచండి. ఎండు గడ్డి దొరికితే మరీ మంచిది. పొట్ట సగం నిండాక పెల్లెట్లు వేస్తే ఆత్రం ఉండదు. అవి కూడా కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు దాటొద్దు, రెండు పూటలుగా పంచండి. గిన్నెలో కుప్పగా పోయకుండా గడ్డి మీద చల్లితే ఒక్కొక్కటి వెతుక్కుని తింటుంది. ప్యాకెట్ అడుగున మిగిలే పొడి వేయకండి, ముక్కుకు పోతుంది. రెండు కుందేళ్లుంటే పోటీ పడి మింగుతాయి, దూరదూరంగా పెట్టండి. తినేటప్పుడు పిల్లలు ఎత్తుకోకుండా చూడాలి. నీళ్లు ఎప్పుడూ ఉండాలి. ఉన్నట్టుండి మింగడం కష్టంగా అనిపిస్తే పళ్లు చూపించండి, పళ్లు సరిగా లేని కుందేలు నమలకుండానే మింగుతుంది.

అది ముక్కు పైకెత్తి, మెడ చాచి, నోరు తెరిచి గాలి పీలుస్తున్నా, చొంగ కారుస్తున్నా ఆలస్యం వద్దు. గొంతులోకి వేలు పెట్టకండి, ముక్కను ఇంకా లోపలికి నెట్టేస్తాం. పట్టుకుని ఊపకండి, దాని వెన్నెముక సులువుగా విరుగుతుంది. తువ్వాలులో ఒళ్లంతా ఆనేలా చుట్టి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. కుక్కలు, పిల్లులు చూసే డాక్టర్లందరూ కుందేళ్లను చూడరు. చూసేవాళ్లెవరో ఇవాళే కనుక్కుని ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించుకోండి.