లారీ బేకరు నేర్చిన గృహనిర్మాణము

ప్రకృతికి హాని సేయని గృహనిర్మాణము నేఁడు క్రొత్తశాస్త్రముగా నెన్నఁబడుచున్నది. మన దేశమున దీనికి లారీ బేకరు మూలపురుషుఁడని పలువు రందురు. కాని యాతని చరిత్రమును బరిశీలించినచో, అతఁడు దీనిని కల్పించినవాఁ డనుటకంటె నేర్చినవాఁ డనుటయే యుక్తము.

బేకరు 1917వ సంవత్సరమున ఇంగ్లండునందలి బర్మింగుహాములో జన్మించి, అచ్చటనే వాస్తువిద్య నభ్యసించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమునఁ జీనాలో రోగులకు సేవచేసి మరలుచు, బొంబాయిలో ఓడకై వేచియుండఁగా గాంధీమహాత్ముని దర్శించెను. ఇంటికి వలయు వస్తువులు అయిదుమైళ్లలోపల దొరకునవియే కావలెనని మహాత్ముఁడు చెప్పెనని బేకరు తరువాతఁ బలుమాఱు స్మరించెను. 1945లో కుష్ఠరోగుల వైద్యశాలల నిర్మాణమునకై యాతఁడు హిందూదేశమునకు వచ్చెను.

1948లో వివాహమైన పిదప, వైద్యురాలగు భార్యతోఁ గూడి హిమాలయప్రాంతమునందలి పిథోరాగఢులో సుమారు 16 ఏండ్లు నివసించెను. ఆ కొండలలోఁ దాను చదివిన చదువు చాలదయ్యెను. అచ్చటి పల్లెవారు ఱాయి, మన్ను, కలపలతోఁ గట్టుకొనిన యిండ్లు చలికిని వానకును నిలుచుచుండెను. ఆ యిండ్లే యాతనికి గురువులైనవి.

1963లో బేకరు కేరళదేశమునకు వచ్చెను. అచ్చటి యెండవానలు వేఱు, వస్తువులు వేఱు. కొండయింటి రూపమును వెంటఁ దీసికొని రాక, స్థలమును జూచి కట్టు పద్ధతినే తెచ్చుట యాతని విశేషము. 1971 ప్రాంతమునఁ దిరువనంతపురములో నారంభమైన అభివృద్ధి అధ్యయనకేంద్రపు భవనములు దీనికి నిదర్శనములు.

ఇటుకలను అంచుమీఁద నిలిపి, నడుమ డొల్ల విడిచి పేర్చుట ఎలుకబోనుకట్టు. దీనివలన ఇటుకలు సుమారు నాలవవంతు తగ్గును. డొల్లలోని గాలి వేఁడిమి నడ్డగించును. ఇది ఇంగ్లండునఁ బూర్వమునుండి యున్నదే. ఇఁక స్లాబు అడుగుభాగమున లాగుడు నోర్చునవి ఇనుపకమ్ములే గాని కాంక్రీటు గాదు. కావునఁ గమ్ముల నడుమఁ గొంత కాంక్రీటునకు బదులు పాత మంగుళూరు పెంకులు పొదుగఁబడెను. ఖర్చును సిమెంటును రెండును తగ్గెను.

ఈ తగ్గింపు స్వల్పము గాదు. సున్నపుఱాతిని కాల్చి చేయు సిమెంటునుండి బొగ్గుపులుసువాయువు వెలువడును. మానవకార్యములవలనఁ బుట్టు ఆ వాయువులో నూటికి 7 మొదలు 8 పాళ్లు సిమెంటువలననే కలుగుచున్నది.

1985లో సి. అచ్యుతమేనోను, కె. ఎన్. రాజు మొదలగువారితోఁ గలసి బేకరు కాస్ట్‌ఫోర్డు సంస్థను స్థాపించెను. తాపీపనివారికి ఈ విద్య దానివలన సంక్రమించెను. 2007లో నాతఁడు మరణించెను. ఇటుక కాల్చుటకును వంటచెఱకు వ్యయమగునని యెఱిఁగి, మట్టియిండ్లనుగూర్చి చిన్నపుస్తకమును వ్రాసినవాఁ డాతఁడు. కావున మన్ను గాని ఱాయి గాని చేరువ నున్నచోట, దూరమునుండి ఇటుకలు దెప్పించి ఆతని గోడను మాత్ర మనుకరించుట ఆతని విద్యను మఱచుటయే యగును.